తొమ్మిదో నంబరు వేరు

పోయిన వారం నాకొక కార్డు వచ్చింది. కుదురైన అక్షరాలతో నాలుగే వాక్యాలు. "అయ్యవారు పోయినారు. మూడు రోజులు మంచంలో ఉన్నారు. మీకు తెలియజేయమని వారు చెప్పలేదు. నేనే రాస్తున్నాను." కింద గురవయ్య సంతకం.

మూడో వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గురవయ్య నిష్ఠూరంగా రాశాడని అనుకోను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం అతను అయ్యవారి దగ్గర నేర్చిన అలవాటు. అయినా ఆ వాక్యం తగలవలసిన చోటే తగిలింది.

ఆ అయ్యవారి పేరు ఇక్కడ రాయను. ఒకసారి సర్కారు కాగితం మీద ఆ పేరు రాసి, దాని ఎదురుగా రాయకూడని మాటలు రాశాను. మళ్ళీ రాసే అర్హత నాకు లేదు.

అప్పట్లో నా ఉద్యోగం దేశీయ వైద్యం నేర్పే పాఠశాలలను తనిఖీ చేయడం. చెన్నపట్నం నుంచి బయలుదేరి జిల్లాలు తిరిగేవాణ్ణి. పాఠశాలకు గుర్తింపు ఇవ్వవచ్చా లేదా అని నివేదిక రాసేవాణ్ణి. అక్కడి అభ్యర్థులకు మూలికలను గుర్తుపట్టే పరీక్ష కూడా నేనే పెట్టేవాణ్ణి. పట్నంలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. మూలికలన్నీ నాకు తెలుసుననుకునేవాణ్ణి. నిజానికి నాకు తెలిసినవి ఎండి, ముక్కలై, పొట్లాలలో అంగడికి వచ్చినవే. వాటిలో ఒక్కటి కూడా మట్టిలో నిలబడి ఉండగా చూసినవాణ్ణి కాదు.

గిద్దలూరు స్టేషనులో దిగి నల్లమల వైపు నాలుగు మైళ్ళు బండిలో పోతే ఆయన ఊరు. పాఠశాల అంటే బోదగడ్డి కప్పిన ఒక కొట్టం. గిద్దలూరులో దుకాణం ఉన్న ఒక శెట్టిగారు ధర్మానికి ఇచ్చింది. నేలమీద చాపలు, గోడవారగా నలభై యాభై జాడీలు, కుండలు. చదివేవాళ్ళు ఏడుగురు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నా చేతిలో అచ్చు కాగితం ఉంది. దాని ప్రకారం అడుగుతూ పోయాను.

"నల్లబల్ల ఉందా?"

"మార్కాపురం పక్కనే పెట్టుకొని చెక్కబల్ల కొనేది ఏంది నాయనా?" అని ఆయన గోడకు ఆనించిన పలకరాయిని చూపించారు. మనిషెత్తు ఉంది. దానిమీద సుద్దతో వాతపిత్తకఫాల లక్షణాలు రాసి ఉన్నాయి.

"జాడీల మీద చీటీలు ఏవి?"

"లేవు."

"మరి ఏది ఏమిటో పిల్లలకు ఎట్లా తెలుస్తుంది?"

"చీటీ చదివేదానికి అలవాటు పడినోడు వాసన చూసేది మానేస్తాడు. అందుకని పెట్టలేదు" అన్నారు. "మీకు కావాలంటే పెడతాలే. వచ్చే ఏడు మీరు వచ్చినప్పుడు చదువుకుందురు."

పిల్లలు నవ్వు ఆపుకున్నారు. నాకు కూడా నవ్వు వచ్చింది.

ఆయన పొట్టి మనిషి, బట్టతల, చెవుల మీద తెల్లటి జుట్టు. ఏ వేరు ఇచ్చినా ముందు చిటికెడు ముక్క నోట్లో వేసుకునేవారు. ఎడమ కన్ను మూసేవారు. కాసేపు నమిలి అరచేతిలోకి ఉమ్మి, దాన్ని చూసుకొని, అప్పుడు పేరు చెప్పేవారు. పేరు ఆయనకు ముందే తెలుసు. అయినా ఆ తంతు మానేవారు కాదు. "నోట్లో పెట్టుకోనిదాన్ని నోటితో చెప్పగాకు" అన్నది పిల్లలకు ఆయన రోజూ చెప్పే మాట. కుడివైపు పళ్ళన్నీ పోయాయి. ఎందుకు పోయాయని అడిగితే, "ఇటుపక్కవి మందులకు పోయినాయి. అటుపక్కవి అన్నానికి దాచుకున్నా" అన్నారు.

మేము మాట్లాడుతూ ఉండగానే ఒకామె గొర్రెపిల్లను చంకన పెట్టుకొని వచ్చింది. మేత తినడం లేదట. ఆయన రెండు చేతులూ పంచెకు రుద్ది వెచ్చబరచుకొని, పిల్ల వెనక తొడ లోపల వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"గొర్రెకు కూడా నాడి చూస్తారా?" అన్నాను, కాస్త వెటకారంగానే.

"గొర్రెకయితేనే సులువు నాయనా. దానికి అబద్ధం తెలీదు. మనిషికి నాడి ఒకటి చెబుతాది, నోరు ఒకటి చెబుతాది. రెండింటికీ పంచాయితీ చేసేకాడికి పొద్దు గూకుతాది."

నా అచ్చు కాగితంలో గొర్రెలకు చోటు లేదు. ఆ సంగతి వదిలేసి మంచి నివేదికే రాశాను. ఒక్క ఇబ్బంది ఉంది. గుర్తింపు నిలవాలంటే పాఠశాలలో కనీసం ఒక ఉపాధ్యాయుడైనా మా పరీక్ష పాసై ఉండాలి. అయ్యవారికి ఏ పట్టా లేదు. తండ్రి దగ్గర నేర్చుకున్న వైద్యం ఆయనది.

"మీరే కూర్చోండి పరీక్షకు" అన్నాను.

"అరవై దాటినాయి నాకు. నేను తప్పితే, ఈ ఊళ్ళో నేను బాగుచేసినోళ్ళంతా మళ్ళీ జబ్బు పడతారు" అన్నారు. "మా గురవయ్య కూర్చుంటాడు. వాడు పాసయితే వాడే ఉపాధ్యాయుడు. నేను పక్కన చాప మీద కూర్చొని దగ్గుతా ఉంటా."

గురవయ్యకు ముప్పై ఏళ్ళుంటాయి. పెద్దారవీడు వైపు గొర్రెలు మేపే ఇంటివాడు. పదేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాడు. ఆయన నోటితో చెప్పగా విని శ్లోకాలు నేర్చుకున్నాడు. అతను పాసైతే పాఠశాల ఉంటుంది, లేకపోతే లేదు. ఆ మాట నేనే స్పష్టంగా చెప్పి బండెక్కాను.

మరుసటి ఏడాది పరీక్షకు వెళ్ళాను. జాడీలన్నింటికీ చీటీలు అంటించి ఉన్నాయి. నన్ను చూడగానే అయ్యవారు వాటివైపు చెయ్యి చాపి, "చదువుకోండి" అన్నారు.

నా దగ్గర ఒక పళ్ళెం, పది మూలికలు. వాటికి ఒకటి నుంచి పది దాకా నంబర్లు. ఆ మూలికలను చెన్నపట్నం అంగడిలో కొనడం, ఒక్కొక్కటీ పరీక్షించడం, "సరిచూశాను" అని పట్టికలో సంతకం పెట్టడం నా పని. ఆ ఏడు ప్రయాణం తొందరలో అంగడివాడు కట్టిన పొట్లాలు కట్టినట్టే తెచ్చాను. విప్పి చూడకుండానే సంతకం పెట్టాను.

ఆరోజు శెట్టిగారు కూడా వచ్చి కుర్చీ వేయించుకొని కూర్చున్నారు. ఊరి పెద్దలు నలుగురు గుమ్మం దగ్గర నిలబడ్డారు. గురవయ్య ఎనిమిది మూలికలకు తడుముకోకుండా పేర్లు చెప్పాడు, గుణాలు చెప్పాడు. ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకొని, అయ్యవారిలాగే ఎడమ కన్ను మూసి మరీ చెప్పాడు. తొమ్మిదోది మా పట్టిక ప్రకారం శారిబ, అంటే మనం సుగంధిపాల అనేది. గోధుమరంగు పుల్లలు. గురవయ్య నమిలాడు. మళ్ళీ ఒక ముక్క తీసి నమిలాడు.

"బర్రె సుగంధి" అన్నాడు.

"బాగా చూసి చెప్పు."

"చూసినానయ్యా. సుగంధిపాల మాదిరే వాసన. కానీ అది కాదు. ఇది మా కొండలో దొరికే లావు గడ్డ. సన్నంగా చీల్చి ఎండబెట్టినారు."

"దాని మీద ఏం రాసి ఉందో తెలుసా?"

"తెలీదయ్యా. నాకు కనబడకుండా పెట్టినారు గదా."

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు నా మీదకే వచ్చిందనుకున్నాను. శెట్టిగారు కుర్చీలో ముందుకు వంగారు. "ఏంది అయ్యవారూ, మీ వాడు సుగంధిపాల కూడా గుర్తుపట్టలేకపోయె? మా దుకాణంలో గుమాస్తా చెబుతాడే!"

అయ్యవారు లేచారు. నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, జాడీల వెనక్కి తీసుకువెళ్ళారు. గొంతు తగ్గించి అన్నారు:

"ఒక్క ముక్క నోట్లో పెట్టుకో నాయనా. ఎవరూ చూడరులే. నేను అడ్డం నిలబడతా."

ఆయన నిజంగానే శెట్టిగారికి నేను కనబడకుండా నిలబడ్డారు. నా తప్పును నలుగురి ముందు బయటపెట్టగలిగిన మనిషి, నేను దిద్దుకోవడానికి తన వీపును తడికలా అడ్డం పెట్టారు. అది నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం, కొట్టంలో చాపల మీద చదువు చెప్పే ముసలాయన నాకు పాఠం చెబుతున్నారనిపించింది.

"పరీక్ష సరుకును నోట్లో పెట్టుకోవడం మోటు పద్ధతి. మేము అట్లా చేయం" అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన చెయ్యి నా భుజం మీది నుంచి మెల్లగా దిగింది.

తిరిగి వచ్చి పళ్ళెం మూసేశాను. పదోది అడగనే లేదు. అభ్యర్థి పరీక్షకుడితో వాదించాడని కాగితం మీద రాసుకున్నాను. గురవయ్య నా వైపు కాకుండా అయ్యవారి వైపు చూస్తూ, "నాది తప్పా?" అన్నాడు. ఆయన, "లేదులేరా, పోయి అన్నం తిను" అన్నారు.

గిద్దలూరులో రైలెక్కాను. పెట్టెలో నేను తప్ప ఎవరూ లేరు. సంచిలోంచి తొమ్మిదో పొట్లం తీసి ఒక పుల్ల కొరికాను. ముందు తియ్యగా ఉంది. తరువాత నాలుక చివర చిమచిమ మొదలైంది. కంభం వచ్చేసరికి నాలుక మొద్దుబారిపోయింది. సుగంధిపాల అట్లా చేయదు. అది పుస్తకంలో చదివిందే, పరీక్షలో నేనే రాసి మార్కులు తెచ్చుకున్నదే.

నివేదిక ఇంకా రాయలేదు. కలం జేబులో ఉంది. గుంటూరు చేరడానికి ఇంకా బోలెడంత సమయం ఉంది. "తొమ్మిదో మూలిక తప్పు. అభ్యర్థి చెప్పిందే ఒప్పు" అని రాస్తే సరిపోయేది. కానీ ఆ పొట్లంతోనే అంతకు ముందు నాలుగు ఊళ్ళలో పరీక్షలు జరిపి వచ్చాను. ఆ పుల్లలను చూసి శారిబ అన్నవాళ్ళందరికీ మార్కులు వేశాను. ఇక్కడ నిజం రాస్తే అవన్నీ కదులుతాయి. పైఅధికారి అడిగే మొదటి ప్రశ్న నాకు వినబడుతూనే ఉంది: "సరిచూశానని సంతకం పెట్టింది ఎవరు?"

మొద్దుబారిన నాలుకతోనే నివేదిక రాశాను. అభ్యర్థికి సామాన్య మూలికల పరిచయం లేదు. బోధన లోపభూయిష్టంగా ఉంది. మరొక్క సంవత్సరం గడువు ఇచ్చి, అప్పటికీ మెరుగుపడకపోతే గుర్తింపు రద్దు చేయవచ్చును. గడువు ఇప్పించడం నా దయ అని కూడా అప్పుడు అనుకున్నాను. అంత హీనంగా ఆలోచించాను.

ఆ ఏడాదంతా నాకు మనసు బాగాలేదు. అయితే ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. చివరకు ఒక ఉపాయం తట్టింది. తోటమాలి ఒకతన్ని పట్టుకొని అసలైన సుగంధిపాల వేరు తవ్వించాను. రుచి చూశాను. సన్నగా, నల్లగా, తీగలా ఉండే వేరు. దాన్ని ఎండబెట్టి, తొమ్మిదో నంబరులో పెట్టుకొని వెళ్ళాను. గురవయ్య నోట్లో పెట్టుకొని సుగంధిపాల అంటాడు, నేను మార్కులు వేస్తాను, ఎవరికీ ఏమీ తెలియకుండా అంతా సరిపోతుంది అనుకున్నాను. తప్పు చాటుగా చేసినవాడు దిద్దుబాటు కూడా చాటుగానే జరిగిపోవాలనుకుంటాడు.

కొట్టంలో సగం వేరుసెనగ కాయల బస్తాలు ఉన్నాయి. నా నివేదిక తరువాత శెట్టిగారు తన సరుకు దించుకున్నారట. పిల్లలు ఏడుగురిలో ముగ్గురు మిగిలారు. అయ్యవారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. అంతకు ముందు రెండుసార్లూ ఆయన నాకు నమస్కారం పెట్టలేదు. "తమరు దయచేయండి" అన్నారు.

పళ్ళెం తెరిచాను. గురవయ్య చేతులు వెనక్కి కట్టుకొని నిటారుగా నిలబడ్డాడు. పళ్ళెం మీదికి వంగలేదు. చూపు నా తల మీదుగా ఎక్కడో ఉంది.

"ఒకటి, కరక్కాయ. రెండు, తానికాయ. మూడు, పిప్పలి."

మా పట్టిక వరుస ఏటా ఒకటే. పక్క ఊళ్ళలో పరీక్ష రాసినవాళ్ళను అడిగి ఎవరైనా తెలుసుకోవచ్చు. నాకు అప్పటిదాకా తట్టలేదు.

"తొమ్మిది, శారిబ."

అది నిజంగానే శారిబ. అతను దాన్ని చూడలేదు. అక్కడ తుమ్మపుల్ల పెట్టి ఉన్నా శారిబ అనే అనేవాడు.

"ఆగు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నోట్లో పెట్టుకొని చూసి చెప్పు."

గురవయ్య అయ్యవారి వైపు చూశాడు.

"అక్కరలేదండీ" అన్నారు ఆయన. "మోటు పద్ధతి మానిపించినాను."

నేను తొమ్మిదో గడిలో పూర్తి మార్కులు వేశాను. పదో గడిలో కూడా వేశాను. గురవయ్య పాసయ్యాడు.

బండి సిద్ధం చేస్తుండగా ఆయనను పక్కకు పిలిచాను. ఏం చెప్పాలో ముందే అనుకున్నాను గానీ ఎద్దుల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయనే అన్నారు:

"ఈసారి సరుకు సరయినదే తెచ్చినారు. దూరం నుంచి చూసినా తెలిసింది."

అంటే పోయినసారి నేను తరువాతైనా రుచి చూసి ఉంటానని ఆయనకు అర్థమైంది. చూసినా ఊరుకున్నానని కూడా అర్థమైంది.

"మరి గురవయ్యకు రుచి చూడమని ఎందుకు చెప్పలేదు మీరు?" అన్నాను. నా తప్పుకు కూడా ఆయన మీదే కోపం తెచ్చుకున్నట్టుంది ఆ ప్రశ్న.

"చూసి వాడు వేరే పేరు చెబితే? తమరి చేతిలో ఏముండాదో వానికేం తెలుసు? పోయినసారి నిజం చెబితే ఏమాయె?" ఆయన గొంతులో కోపం లేదు. ఎద్దు కుంటుతోందని చెప్పినంత మామూలుగా చెబుతున్నారు. "పదేండ్లు వానికి ఒక మాట నేర్పినా. ఆ మాటతో కొట్టం నిలవదని తెలిసింది. ఇంకోటి నేర్పడానికి ఇరవై రోజులు గూడా పట్టలేదు. పిల్లోడు తెలివైనోడు."

"కనీసం ఇకమీదట..." అన్నాను.

"రోగి ముందర కూర్చున్నప్పుడు నోట్లో పెట్టుకోరా అన్నాను. పరీక్ష ముందర నిలబడినప్పుడు నంబరు చెప్పమన్నాను. ఒకే వేరుకు రెండు మాటలు." ఆయన అరచేతిని పంచెకు తుడుచుకున్నారు. "ఇట్ల చెప్పినాక నాకు పాఠం చెప్పబుద్ధి పుట్టడం లేదండీ."

అది మాటవరసకు అన్నారనుకున్నాను.

ఆఖరిసారి చూసింది ఆ మరుసటి ఏడాది. గుర్తింపు నిలిచింది. శెట్టిగారు బస్తాలు తీయించి, కొట్టానికి పెంకులు వేయించి, బెంచీలు చేయించారు. బయటి ఊళ్ళ నుంచి కూడా పిల్లలు చేరారు. బండి దిగేసరికే లోపలి నుంచి గొంతులు వినబడుతున్నాయి. గురవయ్య ముందు చెబుతున్నాడు, ఇరవై మంది వెనక అంటున్నారు. ఒకటి, కరక్కాయ. రెండు, తానికాయ.

అయ్యవారు బయట అరుగు మీద కూర్చొని ఉన్నారు. ఆయన చాప కూడా అక్కడికే వచ్చింది.

"లోపల కూర్చోలేదేమండీ?" అన్నాను.

"గురవయ్య చెబుతాడు గదా. పట్టా ఉండేది వానికే."

"జాడీలు తెరిచి చూపించడం లేదేం?"

"పరీక్షకు రెండు నెలలు కూడా లేవంట. రుచి నేర్పాలంటే రెండేండ్లు. వాని తప్పు లేదు. బయటి ఊళ్ళోళ్ళు పాసు కావాలని చేర్పించినారు."

నేను అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఆ రోజైనా చెప్పాలని వచ్చాను. ఆ తప్పు నాది, మీ పిల్లవాడు చెప్పిందే నిజం, నేను రైల్లోనే తెలుసుకున్నాను, తెలిసీ మీ మీద రాశాను. ఈ మాటలు వరుసగా పెట్టుకొని, "అయ్యవారూ" అన్నాను.

ఆయన చెయ్యెత్తి ఆపారు. వినమన్నట్టు తల లోపలి వైపు వంచారు. ఇరవై గొంతులు ఒక్కటిగా తొమ్మిదో నంబరు చెబుతున్నాయి.

"వినండి" అన్నారు. "తమరి పిల్లకాయలు ఎంత బాగా చెబుతుండారో."

ఎత్తిపొడుపు కోసం ఆయన ముఖంలో వెతికాను. లేదు. ఎవరి వస్తువును వాళ్ళకు అప్పగించినట్టు చెప్పారు, అంతే.

లోపలికి వెళ్ళాను. ఒక జాడీ మూత తీసి, ఒక్క పిల్లవాడి చేతిలో ఒక్క ముక్క పెట్టి, "నంబరు వద్దు, నమిలి చెప్పు" అని ఉంటే చాలు. ఆ పూట నుంచి ఆ పాఠశాల మళ్ళీ ఆయనది అయ్యేది. ఆ మాట అనగలిగిన అధికారి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. గురవయ్య కూడా మాట ఆపి, అదే అంటానేమోనని కాసేపు నా ముఖంలోకి చూశాడు.

నేను హాజరుపట్టీ తెమ్మన్నాను.